ముక్కలు కాదు, పాటలు లెక్కపెట్టండి

అరాచకవాద పంక్ అనగానే నల్లబట్టలు గుర్తొస్తాయి. కానీ ఇంగ్లండులోని క్రాస్ బృందం 1981లో ‘పీనిస్ ఎన్వీ’ ఆల్బమ్‌ని స్త్రీల గొంతులతోనే తెచ్చింది. పాయిజన్ గర్ల్స్‌కి ముందు నిలబడి పాడిన వై సబ్వర్సా నలభై దాటిన తల్లి. ఎవరి గొంతు ముందుందన్నదే అక్కడ రాజకీయం.

మన దగ్గర? ధిక్కార పాట అంటే గోచీ, గొంగడి, గజ్జెలు, చొక్కా లేని మగదేహం. అది శ్రామికుడి వేషమే, కాదనను. కానీ ఆ వేషం స్త్రీ వేయగలిగింది కాదు. దాన్నే ప్రతిఘటనకు గుర్తుగా నిలబెడితే ఆమెకు మిగిలేది కోరస్సే. ఆలేరు విమలక్క దశాబ్దాలుగా వేదిక ముందుండి పాడుతున్నా మన విమర్శకు ఆ మగదేహమే ప్రమాణం.

భువనగిరి బెల్లి లలిత మిల్లులో కూలి చేసింది, తెలంగాణ కోసం పాడింది. 1999 మేలో ఆమెను చంపి 17 ముక్కలు చేశారు. ఇప్పటికీ ఆమె మీద చాలా రాతలు ఆ అంకెతోనే మొదలవుతాయి. హంతకుల లెక్కని మనమెందుకు అప్పజెప్పాలి? మగ గాయకుల బాణీలకు విశ్లేషణ, ఆమెకు నివాళి! ఆమె బాణీ ఏ పనిపాటల్లోంచి వచ్చింది? పక్కన పాడిన ఆడవాళ్ళెవరు? ఆ పాట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పరిశోధకులం మనం, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్దాం.