ఙతో మొదలయ్యే ఇంటిపేరు

రాత్రి అన్నాలయ్యాక పిల్లలకు పుస్తకం చదివి వినిపించే ఇళ్లలో తరచూ జరిగేదే ఇది. కథలో విదేశీ పేరు రాగానే చదివేవాళ్ల గొంతు తడబడుతుంది. రెండోసారి వచ్చేసరికి ఆ పేరు 'ఆ అబ్బాయి' అయిపోతుంది. కథ సాఫీగా సాగిపోతుంది. పిల్లలు చెవులు రిక్కించేది మాత్రం సరిగ్గా ఆ తడబడ్డ చోటే.

'రైలుబడి' సంగతే చూడండి. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాయగా 1981లో జపాన్‌లో వెలువడిన ఈ పుస్తకం తెలుగు పిల్లలకు ఏళ్లుగా చుట్టమే. అందులో పిల్ల పేరు తొత్తోచాన్. 'చాన్' అనేది జపాన్‌లో పిల్లల్ని ముద్దుగా పిలిచేటప్పుడు పేరు చివర చేర్చే మాట. అందరూ తెత్సుకోచాన్ అంటుంటే ఆ పసిదానికి తొత్తోచాన్ అని వినిపించింది; చాన్ కూడా తన పేరులో భాగమే అనుకుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగితే చాలు, ఇంట్లో 'బుజ్జి'గా పెరిగి బడిలో హాజరు పిలిచేటప్పుడు అసలు పేరుకు పలకడం మరిచిన పిల్లలు తమ కథలు విప్పుతారు.

ఆమెను జపాన్‌లో కురొయనాగి తెత్సుకో అంటారు. గురజాడ అప్పారావు అన్నట్టే, ఇంటిపేరు ముందు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ వరసను తిరగేసే అలవాటు మాని, 2020 జనవరి 1 నుంచి జపాన్ ప్రభుత్వ పత్రాల్లో ఇంటిపేరే ముందు రాస్తున్నారు. హంగరీ వాళ్లదీ ఇదే పద్ధతి. పాస్‌పోర్టు ఫారంలో ఏ గడిలో ఏ పేరు నింపాలో తేలక తలపట్టుకునే తెలుగువాళ్లకు ఇంతమంది తోడున్నారు.

ఇక మన 'ఙ'. పలక మీద దిద్దిస్తాం. దానితో మొదలయ్యే మాట చెప్పమంటే నీళ్లు నములుతాం. వియత్నాంలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఆ ధ్వనితోనే మొదలవుతుంది: ఙుయెన్. హోచిమిన్ పుట్టినప్పటి ఇంటిపేరూ అదే. వాచకంలో బొమ్మకు నోచుకోని అక్షరానికి ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడు!

ఘనాలో కోఫీ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పుట్టింది 1938 ఏప్రిల్ 8న. ఏ వారమో పిల్లల్నే లెక్కగట్టమనవచ్చు. నైజీరియాలోని యొరుబా ఇళ్లలో వరసగా పిల్లలు పోయాక పుట్టిన బిడ్డకు కోకుమో అని పేరు పెట్టేవారు. 'ఇక చావడు' అని అర్థం. తెలుగు ఊళ్లలో అలాంటి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అన్నారు. చావుకు కూడా రోత పుట్టే పేరైతే బిడ్డ దక్కుతుందని ఆ తల్లుల ఆశ. తాత పేరు చెప్పడానికి సిగ్గుపడే మనవడికి కోకుమో గురించి చెప్పి చూడాలి.

పరదేశంలో పెరిగే తెలుగు పిల్లల ఇబ్బంది వేరు. వాళ్ల పేరు దగ్గర తడబడేది టీచరు. యాంగ్‌సూక్ చోయ్ రాసి, బొమ్మలు వేసిన 'ద నేమ్ జార్' (2001)లో కొరియా నుంచి అమెరికా వచ్చిన ఉన్‌హేను బస్సులో తోటి పిల్లలు పేరు పట్టుకుని ఆట పట్టిస్తారు. తరగతిలో ఆమె తానింకా పేరు ఎంచుకోలేదని చెబుతుంది. పిల్లలు ఒక సీసాలో ఆమె కోసం పేర్ల చీటీలు వేస్తారు. చివరికి ఆమె ఉంచుకున్నది అమ్మమ్మ ఇచ్చిన కొయ్యముద్ర మీద చెక్కి ఉన్న పేరే.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఉపన్యాసాలకూ బహుమతులకూ కొదవుండదు. ఒక్క పూట మాత్రం పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి 'రైలుబడి'లో నాలుగు పేజీలు చదివి, తలా ఒక కాగితం ఇచ్చి తమ పూర్తి పేరు, అది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది రాయమనాలి. చాలామంది 'ఇంట్లో అడిగొస్తాం' అంటారు. ఆ కాగితాలు మర్నాడు తెచ్చేదాకా గోడ మీద కాస్త జాగా ఖాళీగా ఉంచితే సరి.