ఆఖరి నిమిషంలో పేరు కొట్టేస్తే...

ఈ వారం మీకు చెప్పబోయేది మంచు మీద ఆడే హాకీ సంగతి. "ఐస్ హాకీకీ మన పోపుల డబ్బాకీ సంబంధం ఏమిటి తల్లీ" అని పేజీ తిప్పేయకండి. ఇది ఆట గురించి కన్నా, జాబితాలోంచి పేరు తీసేయించుకున్న ఓ కుర్రాడి గురించి. అలాంటి పిల్లలు మన అందరి ఇళ్ళల్లోనూ ఉంటారు. ఒక్క మార్కుతో సీటు పోయినవాళ్ళు, ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళు, పెళ్ళిచూపులయ్యాక "తర్వాత కబురు చేస్తాం" అనిపించుకున్నవాళ్ళు.

అతని పేరు హెర్బ్ బ్రూక్స్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ ఊళ్ళో 1937లో పుట్టాడు. చలికాలం వస్తే చెరువులన్నీ గడ్డ కట్టుకుపోయే చోటు అది. మన పిల్లలు వీధిలో క్రికెట్ ఆడినట్టు అక్కడి పిల్లలు ఆ గడ్డ మీద హాకీ ఆడతారు. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ. కాళ్ళకి స్కేట్లు. గోలీతో కలిపి ఒక్కో జట్టుకీ ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మనకి ఈమాత్రం తెలిస్తే చాలు.

1960లో ఒలింపిక్స్ కాలిఫోర్నియాలో జరిగాయి. అప్పటికి బ్రూక్స్ కి ఇరవై రెండేళ్ళు. అమెరికా జట్టుతో కలిసి సాధన చేశాడు. తీరా పోటీలు వారం రోజుల్లోకి వచ్చాక కోచ్ అతన్ని పక్కన పెట్టేశాడు. అందరికన్నా ఆఖరున తీసేసిన పేరు అతనిదే. చేసేదేముంది, ఇంటికి వచ్చి తండ్రి పక్కన కూర్చుని టీవీలో మ్యాచ్ చూశాడు. ఆ జట్టు బంగారు పతకం గెలిచింది! ఐస్ హాకీలో అమెరికాకి అదే మొదటి బంగారం. అప్పుడు ఆ తండ్రి అన్న మాట ఏమిటో తెలుసా? కోచ్ సరైనవాడినే తీసేశాడన్నమాట అని. పుండు మీద కారం అంటే ఇదే కదూ.

తర్వాత 1964లో, 1968లో ఒలింపిక్ జట్టులో చోటు దొరికింది. పతకం మాత్రం రాలేదు. ఇన్సూరెన్స్ పని చేసుకుంటూ ఆడుతూ వచ్చాడు. 1972లో తను చదివిన మిన్నెసోటా యూనివర్సిటీ జట్టుకే కోచ్ అయ్యాడు. ఇక్కణ్ణించి మనం "ఆయన" అనాలి. ఎందుకంటే, అంతకు ముందు ఏడాది తమ లీగ్ లో అట్టడుగున ఉన్న ఆ జట్టుని 1974, 1976, 1979 సంవత్సరాల్లో మూడుసార్లు జాతీయ కాలేజీ విజేతని చేశారు.

1980 ఒలింపిక్స్ అమెరికాలోనే లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊళ్ళో. కోచ్ బ్రూక్స్. ఎదుట సోవియట్ యూనియన్, 1964 నుంచి వరసగా నాలుగు బంగారాలు గెలిచినవాళ్ళు. ఏళ్ళ తరబడి కలిసి ఆడుతున్న ఉద్దండులు. ఈయన దగ్గరున్నది ఇరవై దాటీ దాటని కాలేజీ కుర్రాళ్ళు. అందులోనూ బోస్టన్ వాళ్ళకీ మిన్నెసోటా వాళ్ళకీ పాత కక్షలు. ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఆయన వేసిన ఎత్తు చిత్రమైనది. వాళ్ళలో వాళ్ళు కొట్టుకోకుండా అందరూ కలిసి తనని తిట్టుకునేలా చేశారు! నార్వేలో ఒక మ్యాచ్ 3-3తో సరిసమానంగా ముగిసింది. అందరూ మనసు పెట్టి ఆడలేదని, మ్యాచ్ అయ్యాక ఆ మంచు మీదే ఈ చివర నుంచి ఆ చివరకి మళ్ళీ మళ్ళీ పరుగెత్తించారు. అక్కడివాళ్ళు దీపాలు ఆర్పేసినా ఆపలేదట. తిట్లు తిన్న కుర్రాళ్ళు వెళ్ళి గోడు చెప్పుకునేది సహాయ కోచ్ క్రెగ్ పాట్రిక్ దగ్గర. నాన్న కసిరితే అమ్మ కొంగు పట్టుకున్నట్టు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ సంసారం నిలిచేది కాదని నా నమ్మకం.

ఒలింపిక్స్ కి మూడు రోజుల ముందు న్యూయార్క్ లో సోవియట్ చేతిలో 10-3తో చిత్తుగా ఓడారు. ఫిబ్రవరి 22న మళ్ళీ వాళ్ళతోనే ఆట. ఆ రోజు బ్రూక్స్ కేకలేయలేదు. జేబులోంచి కాగితం తీసి, మీరు ఇక్కడికి రావలసినవాళ్ళే, ఈ ఘడియ మీదే అన్న అర్థం వచ్చే నాలుగు మాటలు చదివారు. ఆర్నెల్లు తిట్టిన నోటి నుంచి వచ్చిన మంచి మాటకి విలువ ఎక్కువ. రెండు భాగాలు అయ్యేసరికి 3-2తో వెనకబడి ఉన్నవాళ్ళు 4-3తో గెలిచారు. రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్ ని 4-2తో ఓడించి బంగారం పట్టుకొచ్చారు. సోవియట్ మీద గెలిచిన క్షణాన కుర్రాళ్ళు గంతులేస్తుంటే, బ్రూక్స్ మాత్రం ఒంటరిగా లోపలికి వెళ్ళిపోయారు. ఆ సంబరం పిల్లలది అనుకున్నారేమో.

ఇదంతా ఒక ఎత్తు, నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకోటి. ఇరవై మందినే తీసుకెళ్ళాలి కాబట్టి ఆఖరున ఒకరిని తీసేయాల్సి వచ్చింది. రాల్ఫ్ కాక్స్ అనే కుర్రాడు. ఇరవై ఏళ్ళ కిందట తనకి జరిగిందే తన చేత్తో ఇంకొకరికి చేయాలి! బ్రూక్స్ తనే ఆ అబ్బాయికి చెప్పారు. ఆ కుర్రాడు ఎంత పెద్దమనసుతో తీసుకున్నాడంటే, మీరు బంగారం గెలుస్తారు అని తిరిగి ఆయనకే ధైర్యం చెప్పాడట. తిట్ల పురాణం చదివే మనిషికి కళ్ళనీళ్ళు తిరిగాయంటే తిరగవూ మరి!

బ్రూక్స్ ఆ తర్వాత పెద్ద పెద్ద ప్రొఫెషనల్ జట్లకి శిక్షణ ఇచ్చారు. 1998లో ఫ్రాన్స్ జట్టుని నడిపారు. 2002లో మళ్ళీ అమెరికాకి వెండి పతకం తెచ్చారు. 2003 ఆగస్టులో కారు ప్రమాదంలో పోయారు. లేక్ ప్లాసిడ్ లో ఆ మైదానానికి ఇప్పుడు ఆయన పేరే.

ఆయన కరకుదనం మన ఇళ్ళకి పనికొస్తుందని మాత్రం నేను అనను. ఆ కుర్రాళ్ళు కోరి వచ్చినవాళ్ళు, అది కొన్ని నెలల ముచ్చట. మన పిల్లలకి మన ఇల్లు తప్ప వేరే దిక్కేది? పైగా ప్రతి ఇంట్లోనూ ఒక పాట్రిక్ ఉంటాడా? అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి విరుచుకుపడితే ఆ పిల్లాడు ఎవరి దగ్గరికి వెళ్తాడు? అందుకని ఫలితాల రోజున ఇంట్లో ఒకరు కోప్పడితే రెండోవారు అన్నం కలిపి పెట్టండి. తండ్రి అన్న ఆ మాటలాంటిది మాత్రం వేళాకోళానికి కూడా అనకండి. బ్రూక్స్ పతకాలు చెప్పుకునేవాళ్ళు ఈనాటికీ ఆ మాటని కూడా కలిపే చెప్పుకుంటున్నారు.

ఇంకొక్కటి. "వద్దు" అని చెప్పాల్సిన వంతు మనకీ వస్తుంది. కుదరని సంబంధం వాళ్ళకి నెలల తరబడి కబురు చేయకుండా ఊరుకుంటాం. పనమ్మాయిని మాన్పించాలంటే పక్కింటావిడ చేత చెప్పిస్తాం. అలా చేయకండి. ఎదుట కూర్చోబెట్టి, మెల్లగా, మన నోటితోనే చెబుదాం. బాధ ఎలాగూ తప్పదు, చిన్నచూపు అయినా తప్పుతుంది.