కోతకు ముందే ఆగిన సీజను

ఇవాళ పంట ముచ్చట కాదు, మంచు మీద ఆడే ఐస్ హాకీ ముచ్చట. మా మేనల్లుడు అమెరికాలో టొలీడోలో ఉంటాడు. ఆ ఊరి జట్టు ఈసీహెచ్ఎల్ అనే చిన్న లీగులో ఆడుతుంది. వాడు చెప్తేనే ఇదంతా తెలిసింది.

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకు 72 ఆటలు. జీతం వారం లెక్కన, అదీ సీజను ఉన్నన్నాళ్లే. 2020 మార్చి 14న కరోనా వల్ల మిగతా ఆటలన్నీ రద్దు చేశారు. జీతం 16 వరకే. కెల్లీ కప్పు ఎవరికీ రాలేదు.

పెద్ద లీగు ఎన్‌హెచ్ఎల్ మాత్రం ఖాళీ స్టేడియాల్లో ఆడించి సెప్టెంబరులో కప్పు ఇచ్చేసింది. దానికి టీవీ డబ్బులున్నాయి. చిన్న లీగు బతికేది గేటు దగ్గర టికెట్ల మీద. ఆట ఆపడం తప్పనను. నష్టం ఆడేవాడి నెత్తిన వేయడమే తప్పు.

ఆ ఏడు నా అరటి గెలలు కొనేవాడు లేక తోటలోనే మాగిపోయాయి. మీవీ అంతే కదా?

అయితే వాళ్లకో సంఘం ఉంది. లీగుతో కలిసి ఆటగాళ్లకు సహాయ నిధి పెట్టింది. మన సంఘం మీటింగుకు పదిమంది రారు. నేనూ రెండుసార్లు ఎగ్గొట్టాను, ఒప్పుకుంటా. ఈ ఆదివారం వస్తున్నా. మీరు?