పారాయణం రికార్డింగులో మధ్యేమార్గం

తిరువూరు నుంచి ఒక సోదరి లేఖ రాశారు. ఆమె భర్త కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పదేళ్ల కుమారుడు ప్రతి జుమా నాడు తన ఖుర్ఆన్ పారాయణాన్ని ఇంట్లోనే రికార్డు చేసి తండ్రికి పంపుతాడు. మెల్లగా చదివిన చోట వినిపించడం లేదని, గొంతెత్తిన చోట శబ్దం పగులుతోందని ఆయన చెప్పారట. అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లోని కంప్రెసర్‌ను బాగా పెంచాడు. ఇప్పుడు స్వరమంతా ఒకే స్థాయిలో ఉంది గాని, ఫ్యాను హోరు, ఊపిరి చప్పుడు కూడా బిగ్గరగా వినిపిస్తున్నాయి. ఏం చేయాలన్నది ఆమె ప్రశ్న.

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉంది. రాత్రి నమాజులో హజ్రత్ అబూబక్ర్ (రజి) చాలా మెల్లగా, హజ్రత్ ఉమర్ (రజి) చాలా బిగ్గరగా పఠించేవారు. దైవప్రవక్త (స) మొదటివారిని స్వరం కొద్దిగా పెంచమని, రెండవవారిని కొద్దిగా తగ్గించమని చెప్పారు. కంప్రెసర్ పని కూడా ఇదే: హెచ్చు స్వరాన్ని తగ్గించి, ఆపై మొత్తం ధ్వనిని పెంచుతుంది. అక్కడ ‘కొద్దిగా’ అన్న మాటనే గుర్తుంచుకోవాలి.

యంత్రం కంటే ముందు గదిని సరిచేయాలి. తిరువూరు మీదుగా 30వ జాతీయ రహదారి పోతుంది. లారీల రొద తక్కువగా ఉండే ఫజ్ర్ తరువాతి సమయం అనుకూలం. ఫ్యాను ఆపండి. గోడకు బొంత వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. 24 బిట్, 48,000 హెర్ట్జ్ ఎంచుకుని, అబ్బాయి అత్యంత బిగ్గరగా చదివినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. శబ్దం పగలడం అక్కడే ఆగుతుంది. ఒకసారి పగిలిన శబ్దాన్ని కంప్రెసర్ బాగుచేయలేదు.

ఆ తరువాత ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ నిష్పత్తి 2:1 లేదా 3:1 ఉంచండి. 3:1 అంటే నిర్ణీత హద్దును 3 డెసిబెల్స్ దాటిన స్వరం 1 డెసిబెల్ మాత్రమే దాటినట్లు వినిపిస్తుంది. బిగ్గరైన చోట 3, 4 డెసిబెల్స్ తగ్గేలా ఆ హద్దును నిర్ణయించండి. అటాక్ 20, రిలీజ్ 150 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, విని సవరించుకోండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అరబీలో ‘ఖల్బ్’ హృదయం, ‘కల్బ్’ కుక్క. అటాక్ మరీ వేగంగా ఉంటే ఖాఫ్ వంటి అక్షరాల తొలి స్పర్శ మొద్దుబారుతుంది. ఒత్తిడి ఎక్కువైతే మద్ద్ చివర సహజంగా తగ్గవలసిన స్వరం తగ్గదు.

ఫైలు పరిమాణం తగ్గించడాన్ని కూడా కంప్రెషన్ అనే అంటారు. అది వేరే పని. అది మితిమీరితే సీన్, సాద్, సా అక్షరాల తేడా మసకబారుతుంది. అందుకే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా చదివి పంపే బదులు, సిద్ధమైన ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి.

పంపే ముందు ఈజిప్టు ఖారీ మహ్మూద్ ఖలీల్ అల్ హుసరీ పారాయణాన్ని ఒకసారి, అబ్బాయి రికార్డును ఒకసారి వినండి. అక్షరాలు అంత విడివిడిగా వినిపిస్తున్నాయా అని మాత్రమే చూడండి. సందేహం కలిగితే కంప్రెసర్‌ను తగ్గించండి. అసలు రికార్డును చెరిపేయకండి. తండ్రి వినగోరేది కుమారుని గొంతునే. అది చిన్న తడబాటుతో చేరినా ఆయన సరిదిద్దగలరు, ఇన్షా అల్లాహ్.