ఆజానుబాహువు ఎవరు?

పెండ్లిమర్రి మొదలు జమ్మలమడుగు వఱకు ఏ సభలోనైనను ఆఱడుగుల పెద్దమనిషి వేదిక నెక్కినచో, ఉపన్యాసకుడు ఆయనను "ఆజానుబాహువు" అని కీర్తింపక మానడు. పత్రికలును అదే త్రోవ త్రొక్కుచున్నవి.

ఈ మాటకు దేహపు పొడవుతో పనిలేదు. ఆమరణమనగా మరణమువఱకు, ఆజాను అనగా మోకాలివఱకు. మోకాళ్లనంటు చేతులు గలవాడే ఆజానుబాహువు. నిటారుగా నిలిచి చేతులు జారవిడిచినచో మనబోటి వారి వ్రేళ్లు తొడ నడుమనే యాగును. ఆఱడుగులవాని గతియు అంతియే. కావున ఇది కొలబద్దకు దొరకు మాట గాదు, మహాపురుష లక్షణము. వాల్మీకి బాలకాండారంభమున నారదునిచే రాముని ఇట్లు వర్ణింపజేసెను. బౌద్ధులు ముప్పదిరెండు లక్షణములలో దీనిని చేర్చిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో జినవిగ్రహమునకు ఇట్టి బాహువులనే విధించెను.

మన జిల్లాలోనే, పెన్న యొడ్డున, దానవులపాడులో జినాలయ శిథిలములు బయల్పడినవి. జినుడు నిలిచి తపస్సు చేయు కాయోత్సర్గ భంగిమను చూచినవారెఱుగుదురు: ఆ దీర్ఘబాహువులు ఇరుప్రక్కల ఊరక వ్రేలాడుచుండును. వానిలో ఆయుధము లేదు; అవి దేనిని పట్టుకొనవు. మనవారో, ఆ బిరుదమును భూములు హెచ్చుగా గలవానికి, వెనుక కఱ్ఱలు పట్టిన మనుషులు గలవానికి కట్టబెట్టుచున్నారు! గ్రామకక్షలవలన ఈ సీమలో ఎన్ని యిండ్లు పాడుపడినవో మా పాఠకులకు చెప్పనక్కఱలేదు. అట్టిచోట పొగడ్త వట్టి మాటగా నుండదు. అది ఒకని బలమునకు ఊరివారు వ్రాసియిచ్చు ఒప్పుదల పత్రము. 1928లో సైమన్ సంఘ బహిష్కారమునాడు ప్రకాశము పంతులుగారు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిరి. ఆనాటి కథ చెప్పుటకు ఆయన చేతుల కొలత ఎవరికి గావలయును?

'బాహువు'ను 'బాహుడు' అనవచ్చునా యని ఎవరైన అడిగినచో, భానుడు, శంభుడు అనుచున్నాము గదా. ఆ తగవు మాకు వలదు. అర్థము చెడకుండిన జాలును. తెనుగున పొడగరి యను చక్కని మాట యున్నది. చేతులే పొడవైనచో నిడుచేతులవాడనవచ్చును. ఊరు విడిచి తప్పిపోయినవానిని ఆజానుబాహువని ప్రకటించినచో వెదకువారు ఏమి చూచి గుర్తుపట్టవలయును? అయిదడుగుల పదియంగుళములని వ్రాయుడు.