ఉగాదికి కార్నేషన్ మొక్కలు అమ్మవచ్చునా?

నారపల్లి: రెండేళ్ల కిందట ఉగాదికి వారం ముందు మా అమ్మ ఉప్పల్ నుంచి వస్తూ రోడ్డు పక్క మొక్కల బండి దగ్గర ఆరు కార్నేషన్ కుండీలు కొన్నది. పెళ్లి మండపాలలో, బొకేలలో కనిపించే ముడతల రెక్కల పూవే కార్నేషన్. కుండీ 80 రూపాయలు. "పెద్దమ్మా, రోజూ నీళ్లు పోయి, ఏడాది పొడుగునా పూస్తది" అన్నాడట అమ్మినాయన. ఉన్న మొగ్గలు విచ్చినవి. ఆ తరువాత ఒక్క మొగ్గ రాలేదు. వైశాఖం వెళ్లేలోగా ఐదు మొక్కలు ఎండినవి. "నా చెయ్యి మంచిది కాదు బిడ్డా" అన్నది అమ్మ. నలభై ఏళ్లుగా చామంతి, బంతి, కనకాంబరం తప్పకుండా పూయిస్తున్న చెయ్యి అది.

480 రూపాయలు పోతే పోయినవి. తెలిసిన చేతిని తప్పు పట్టుకునేలా చేయడం మాత్రం న్యాయం కాదు.

కార్నేషన్ చల్లని గాలి మొక్క. పగలు 20, 25 డిగ్రీలు, రాత్రి 10, 15 డిగ్రీలు ఉంటే దానికి సుఖం. అందుకే నీలగిరులలో, హిమాచల్‌లోని సోలన్‌లో, బెంగుళూరు పరిసరాలలో దానిని పెంచుతారు. అక్కడ కూడా చాలామంది ప్లాస్టిక్ కప్పిన పందిళ్లలోనే పెంచుతారు. మన దగ్గర అటువంటి వాతావరణం కార్తీకం నుంచి మాఘం వరకే. ఉగాదికి కొన్నవారు దానిని నేరుగా 40 డిగ్రీల ఎండలోకి తెచ్చినట్టే. పైగా ఎండాకాలం దుమ్ములో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. మన వరంగల్ రోడ్డు దుమ్ము సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆరవ కుండీ సపోటా చెట్టు నీడలో ఉండి బతికింది. భాద్రపదంలో దాని పక్క కొమ్మలు బెత్తెడు పొడవున తీసి తడి ఇసుకలో గుచ్చినాము. నాలుగు వారాలకు వేళ్లు వచ్చినవి. రెండు పాళ్లు చలక మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మట్టి కుండీలలో నాటినాము. రేగడి మన్ను వద్దు, నీరు నిలుస్తుంది. సున్నం కలపమని పుస్తకాలలో ఉంటుంది. మన బోరు నీళ్లలో అది ఎటూ ఉన్నది గనుక నేను కలపలేదు.

ఎక్కువమంది చేయనిది తలలు తుంచడం. మొక్కకు ఆరు జతల ఆకులు రాగానే కొస తుంచాలి. పెరుగుతున్న మొక్కను తుంచడానికి మనసు ఒప్పదు, నిజమే. కానీ తుంచకపోతే ఒకే కాడ పైకి పోయి ఒకటి రెండు పూలు పూసి ఊరుకుంటుంది. తుంచితే నాలుగైదు కొమ్మలు వేసి ప్రతి కొమ్మకూ మొగ్గ తొడుగుతుంది. చామంతికి చేసే పనే ఇది. అమ్మకు ఒక్కసారి చెప్పగానే అర్థమైంది. పెద్ద పూవు కావాలంటే కొమ్మకు నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి పక్కవి గిల్లాలి. కాడలు బలహీనం గనుక కందికట్టె పాతి వదులుగా కట్టాలి.

నీళ్లు రోజూ పోయరాదు. మన్ను వేలు పెట్టి చూచి, పైన అంగుళం ఆరిన తరువాతే, పొద్దున పూట, మొదట్లో పోయాలి. మొక్క ఒక పక్క పసుపు పచ్చబడి వాడి, కాడ కోస్తే లోపల గోధుమరంగు కనిపిస్తే అది ఎండు తెగులు. పీకి కాల్చివేయాలి. ఆ మన్ను మళ్లీ కార్నేషన్‌కు వాడరాదు.

నిరుడు శివరాత్రికి మా ఇంట నాలుగు కుండీలు నిండుగా పూసినవి. అమ్మ ముందుగా వాసన చూచింది. ఒకటి రెండింటికే లవంగం వాసన ఉన్నది. బజారు రకాలకు ఆ వాసన తగ్గిపోయింది. అమెరికాలో 1908లో అన్నా జార్విస్ అనే ఆమె చనిపోయిన తన తల్లి జ్ఞాపకార్థం మాతృదినోత్సవం జరిపి, తల్లికి ఇష్టమని తెల్ల కార్నేషన్లు పంచిందని చెబితే, "మరి ఆ తల్లి ఎన్నడు నాటేదో అడుగు" అన్నది మా అమ్మ.

ఆ సంగతే అమ్మేవారు చెప్పవలసి ఉన్నది. కుండీ మీద పేరు, ధర రాస్తున్నారు. నాటవలసిన నెల కూడా రాయడానికి ఖర్చేమీ లేదు. 2016లో ఏర్పడిన మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో రోడ్ల వెంట ఇన్ని మొక్కల దుకాణాలు ఉన్నవి. ఉద్యానవన శాఖ వారు దసరాకు ముందు ఒకసారి తిరిగి ఈ ఒక్క మాట రాయించాలి. రాజేంద్రనగర్‌లో పూల పరిశోధనా స్థానం ఉన్నది. ఏ పూవు ఏ నెలలో నాటాలో అక్కడివారు ఒక కాగితం మీద అచ్చువేసి గ్రామాలకు పంపితే, మా అమ్మ దానిని దేవుని అర పక్కన గోడకు అంటిస్తానంటున్నది.