మంచి విత్తనం ఎవరి గాదె నింపుతోంది?

2025-26 సీజనుకు కేంద్రం క్వింటాలు కందికి 8,000, మినుముకు 7,800, పెసరకు 8,768 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. 2025 అక్టోబరులో 11,440 కోట్ల రూపాయలతో పప్పుధాన్యాల మిషన్‌ను ఆమోదించింది. పత్తికీ మిర్చికీ అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతుకు ఇది మంచి కబురే. అయితే ఈ మేలు రైతు ఇంటిదాకా చేరుతుందా అన్నదే మా ప్రశ్న.

విత్తనం విషయంలో శాస్త్రజ్ఞులు తమ వంతు పని చేశారు. మినుముకు పెద్ద శత్రువు పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే ఈ తెగులు లేత పైరుకు సోకితే రైతుకు గింజలు దక్కవు. లాం ఫారం ఇచ్చిన ఎల్బీజీ 787, తిరుపతి ఇచ్చిన టీబీజీ 104 రకాలు దాన్ని తట్టుకుంటాయి. ఇక్రిశాట్ వారి ఆశ కంది ఎండు తెగులుకూ వెర్రి తెగులుకూ నిలుస్తుంది. సలహా అడగడానికి గరికపాడులోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పత్తి హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. మినుము అలా కాదు, మన పంటలోని మంచి గింజను ఎండబెట్టి దాచుకుంటే మరుసటి ఏడు విత్తుకోవచ్చు. పైగా పిల్లల కంచంలోకి పప్పు వస్తుంది, నేలకు నత్రజని చేరుతుంది.

కాని విత్తనం ఒక్కటే కుటుంబాన్ని నిలబెట్టదు. ప్రకాశం, కర్నూలు జిల్లాల శనగ రైతుల అనుభవం చూడండి. 1999లో విడుదలైన జేజీ 11 రకం పాత అన్నిగేరిని పక్కకు నెట్టి దిగుబడి పెంచింది. శనగ లాభసాటి కాగానే కౌలు కూడా పెరిగింది. తర్వాత ధర పడిపోయినప్పుడు బస్తాలు శీతల గిడ్డంగుల్లో మూలిగాయి. పెరిగిన దిగుబడిలో కొంత భూయజమానికి పోయింది, నష్టం మాత్రం సాగుచేసినవాడి నెత్తిన పడింది.

మన ప్రాంతంలోనూ పొలం దున్నేవారిలో కౌలుదారులు ఎందరో ఉన్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. అది లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు. ఈ-పంటలో పేరెక్కకపోతే మద్దతు ధరకు అమ్ముకునే దారీ మూసుకుపోతుంది. అప్పుడు అప్పిచ్చిన వ్యాపారికే కళ్లంలో, అతను చెప్పిన ధరకే ఇచ్చుకోవాలి. ఆకలి వేళ ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నది కూడా ఒక గిన్నెడు కూరకే కదా!

మన సంఘాల్లో పొలం ఉన్నవారూ ఉన్నారు, ఆ పొలాన్ని కౌలుకు చేసేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం అక్కర్లేదు. ఆ కార్డు గడువు 11 నెలలే, దానివల్ల భూమిపై ఏ హక్కూ సంక్రమించదు. కోతపండుగ కానుక కోసం సంచి పట్టే సంఘ పెద్దలు విత్తనాలు వేసే ముందే ఈ మాట కదపాలి. భూమి ఉన్న సహోదరులారా, ఈసారి ఆ సంతకం పెట్టండి.